వారంలో ఒక రోజు తగ్గితే

ప్రభుత్వ కార్యాలయానికి ఎవరూ కాలక్షేపానికి రారు. ఆదాయ ధ్రువపత్రం కోసం విద్యార్థి, పాసుపుస్తకంలో దొర్లిన తప్పు దిద్దించుకోవడానికి రైతు, పింఛను ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి వృద్ధురాలు వస్తారు. ఎవరి అవసరం వారిని ఆ గడప దాకా నడిపిస్తుంది. ఖజానాలో ధనం తగ్గినప్పుడు ప్రభుత్వాలు ఆలోచించే పొదుపు మార్గాలలో వారానికొక రోజు ఆ గడపను మూసి ఉంచడం ఒకటి. పైకి ఇది తేలికైన ఉపాయంగానే కనిపిస్తుంది. ఆ రోజు దీపాలు వెలగవు, పంకాలు తిరగవు, వాహనాలు కదలవు. సిబ్బందికి ఆ రోజు జీతం కూడా ఇవ్వకపోతే పొదుపు మరింత పెరుగుతుంది. అయితే మూతపడేది తలుపు మాత్రమే, పని కాదు. శనివారం రావలసిన మనిషి అదే కాగితం పట్టుకొని సోమవారం వస్తాడు. ఆ ఒక్క రోజు పనిని మిగిలిన రోజులలో ఎలా సర్దాలి, ఆ భారాన్ని ఎవరు మోయాలి అన్నదే అసలు సమస్య.

ధనాభావం ఎదురైనప్పుడు ప్రభుత్వం ముందున్న దారులు ప్రధానంగా మూడు. జీతం తగ్గించవచ్చు, మనుషులను తగ్గించవచ్చు, లేదా పనిదినాలను తగ్గించవచ్చు. ఆంధ్రప్రదేశ్ మొదటి దారిని ఒకసారి తొక్కి చూసింది. కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చిలో దేశమంతటా రాకపోకలు స్తంభించి, రాష్ట్ర ఆదాయం ఒక్కసారిగా పడిపోయింది. మార్చి 31న ప్రభుత్వం జీతాల చెల్లింపులో కొంత భాగాన్ని వాయిదా వేస్తూ ఉత్తర్వు జారీ చేసింది. ప్రజాప్రతినిధులకు నూరు శాతం, అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం, ఇతర ఉద్యోగులకు 50 శాతం, నాలుగవ తరగతి సిబ్బందికి 10 శాతం వాయిదా పడింది. పై మెట్టు మీద ఉన్నవారు ఎక్కువ, కింది మెట్టు మీద ఉన్నవారు తక్కువ మోయాలన్నది ఇందులోని సూత్రం. ఆ తరువాత వైద్య ఆరోగ్య, పోలీసు, పారిశుధ్య సిబ్బందికి పూర్తి జీతం ఇవ్వాలని నిర్ణయించారు.

సూత్రం మంచిదే కావచ్చు, కాని దానికి చట్టం అండ లేదు. విషయం న్యాయస్థానానికి వెళ్ళింది. వాయిదా వేసిన జీతాలను, పింఛన్లను 12 శాతం వడ్డీతో చెల్లించాలని రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం 2020 ఆగస్టులో ఆదేశించింది. సర్వోన్నత న్యాయస్థానం 2021 ఫిబ్రవరిలో ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించినా, చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అన్న మాటను మాత్రం నిలబెట్టింది. పొదుపు చేయదలచిన సొమ్ముకు చివరకు వడ్డీ కూడా కట్టవలసి వచ్చిందన్నమాట. పొరుగున ఉన్న తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి వాయిదాకు చట్టబలం కల్పించడానికి 2020 జూన్‌లో ఒక ఆర్డినెన్సు తెచ్చింది. పనివేళల పట్టిక గీసే అధికారి ముందుగా చూడవలసినది క్యాలెండరును కాదు, చట్టాన్ని అని ఈ రెండు ఉదంతాలూ తెలుపుతున్నాయి.

పనిదినాలను తగ్గించే మూడవ దారిని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఎంచుకొంది. తీవ్రమైన ఆర్థిక మాంద్యం నడుమ 2009 ఫిబ్రవరి నుండి అక్కడి ప్రభుత్వోద్యోగులకు నెలకు రెండు రోజులు జీతం లేని నిర్బంధ సెలవు ప్రకటించారు. నెలలో మొదటి, మూడవ శుక్రవారాలలో కార్యాలయాలు మూతపడ్డాయి. జూలై నుండి మూడు శుక్రవారాలయ్యాయి. మూడు రోజులు పోవడంతో ఉద్యోగి జీతంలో సుమారు 14 శాతం తగ్గింది. అక్కడ కూడా వివాదం న్యాయస్థానానికి చేరింది. గవర్నరుకు స్వయంగా ఆ అధికారం లేదని, అయితే శాసనసభ తన బడ్జెటు చట్టం ద్వారా ఆ చర్యను ఆమోదించింది గనుక అది చెల్లుతుందని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2010లో తీర్పు చెప్పింది.

కాలిఫోర్నియా అనుభవంలో మరొక పాఠం ఉంది. చెరసాల శుక్రవారం మూతపడదు. కాబట్టి అక్కడి సిబ్బంది జీతం కోల్పోయి కూడా పనికి వచ్చారు. ఆ సెలవు రోజులు వారి ఖాతాలో జమ అయ్యాయి. అవన్నీ ఎప్పుడో ఒకనాడు వాడుకోనివ్వాలి. ఈ ఏటి ఖర్చు రాబోయే ఏటి అప్పుగా మారింది. పన్నులు వసూలు చేసే శాఖకూ అదే సెలవు వర్తింపజేయడం మరింత విచిత్రం. ఆదాయం లేక కార్యాలయం మూస్తే, ఆ మూత వల్ల రావలసిన ఆదాయమూ ఆగుతుంది.

యూటా రాష్ట్రం 2008 ఆగస్టులో ఇంకొక పద్ధతిని ప్రయత్నించింది. సుమారు 17,000 మంది ఉద్యోగులు సోమవారం నుండి గురువారం వరకు రోజుకు పది గంటలు పనిచేస్తారు, శుక్రవారం కార్యాలయాలు మూసి ఉంటాయి. జీతంలో కోత లేదు. విద్యుత్తు, ఇంధనం మిగులుతాయని ఆశించారు. ఏటా 30 లక్షల డాలర్లు మిగులుతాయని వేసిన అంచనా ఫలించలేదు, మిగిలింది అందులో చాలా తక్కువ. శుక్రవారం పని ఉన్నవారికి అసౌకర్యమూ తప్పలేదు. 2011లో అక్కడ తిరిగి ఐదు రోజుల వారం వచ్చింది. 2016లో వెనిజులా కరువు వల్ల జలవిద్యుత్తు కొరవడి కొంతకాలం ప్రభుత్వ కార్యాలయాలను వారానికి రెండు రోజులకే పరిమితం చేసింది. ఇంధన కొరతతో అల్లాడిన శ్రీలంక 2022 జూన్‌లో ప్రభుత్వోద్యోగులకు శుక్రవారం సెలవు ఇచ్చి, ఆ రోజు పెరటి సాగు చేసుకోమని ప్రోత్సహించింది. కారణాలు వేరైనా అన్నిచోట్లా ముందుగా ఎదురైన ప్రశ్న ఒకటే: ఏ రోజు మూయాలి?

ఈ ప్రశ్నకు జవాబు కార్యాలయం లోపల దొరకదు, అక్కడికి వచ్చే దారిలో దొరుకుతుంది. ఉత్తరాంధ్రను తీసుకొందాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కలెక్టరు కార్యాలయాలలో ప్రజల అర్జీలు స్వీకరించే రోజు సోమవారం. ఆ కార్యక్రమం పేరు ప్రభుత్వాలను బట్టి మారినా రోజు మాత్రం మారలేదు. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలోను, ఆ తరువాత పార్వతీపురం మన్యం జిల్లాలోను ఉన్న సీతంపేటలో సంత జరిగేదీ సోమవారమే. కొండమీది గూడెం నుండి పసుపో చింతపండో అనాసపండ్లో దించుకొని వచ్చే సవర రైతుకు సంతపనీ కార్యాలయపు పనీ ఒకే ప్రయాణంలో తీరాలి. ఆయనకు సోమవారం తలుపు మూసి, మంగళవారం రమ్మని చెబితే ఒక రోజు వాయిదా వేసినట్లు కాదు. మరొక రోజు కూలిని, మరొక దారిఖర్చును ఆయన మీద వేసినట్లు. ప్రభుత్వం పుస్తకాలలో మిగులుగా కనబడే సొమ్ము ఆయన సంచిలోంచి వచ్చినదే. ఆ లెక్క ఏ బడ్జెటు పత్రంలోనూ కనబడదు.

ఉద్దానం ప్రాంతంలో ఈ లెక్క ఇంకా కఠినమైనది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. డయాలసిస్ అవసరమైన రోగి వారానికి రెండు, మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన గడుపుతాడు. ఇంటికి చేరాక ఆ పూటకు లేవలేడు. మంగళ, గురు, శనివారాలు అలా గడిచే మనిషికి మిగిలేవి సోమ, బుధ, శుక్రవారాలు. సోమవారం జనంతో కిక్కిరిసి ఉంటుంది. కార్యాలయం శుక్రవారం మూస్తే, పింఛను పని చూసుకోవడానికి అతనికి నిజంగా దక్కేది బుధవారం ఒక్కటే. ఆ బుధవారం సంబంధిత గుమస్తా సెలవులో ఉంటే మరొక వారం గడిచిపోతుంది. అందరికీ ఆరింట ఒక వంతు తగ్గిన సేవ అతనికి అంతకన్నా చాలా ఎక్కువగా తగ్గింది.

మూసే రోజును సందర్శకుని దృష్టితో ఎంచుకొన్న సంస్థ ఒకటి మన ఊళ్ళలోనే ఉంది. అది పౌర గ్రంథాలయం. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను దానికి ఆధారం. స్థానిక సంస్థలు ఆ సొమ్మును సకాలంలో జమచేయకపోతే దానికి ఇబ్బందే. అంత తక్కువ వనరులతో నడిచే గ్రంథాలయానికి వారపు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. ఉద్యోగికీ విద్యార్థికీ తీరిక దొరికేది ఆదివారం గనుక ఆనాడు తెరిచి ఉంచాలన్నది ఆలోచన. శాఖా గ్రంథాలయాలు ఉదయం 8 నుండి 11 వరకు, సాయంత్రం 4 నుండి 7 వరకు పనిచేయడంలోనూ అదే వివేకం ఉంది. ఉన్న ఒక్క గ్రంథపాలకుని ఆరు గంటలను పాఠకులు వచ్చే రెండు పూటలకు పంచారు. నడిమధ్యాహ్నం తలుపు మూసి ఉన్నా ఎవరికీ నష్టం లేదు. దినపత్రిక చదివే పెద్దాయన ఉదయం వస్తాడు, పోటీ పరీక్షలకు చదివే యువకుడు సాయంత్రం వస్తాడు. అయితే గ్రంథపాలకుడు పదవీ విరమణ చేసి, ఆ ఖాళీ నిండక, పక్క ఊరి గ్రంథపాలకునికే అదనపు బాధ్యత అప్పగిస్తే ఈ ఏర్పాటంతా కుంటుపడుతుంది. ఒక మనిషి రెండు ఊళ్ళలో ఒకే సాయంత్రం కూర్చోలేడు. ఎవరూ మూసివేత ఉత్తర్వు ఇవ్వకపోయినా రెండింటిలో ఒక తలుపు మూసే ఉంటుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ రాష్ట్ర సచివాలయం. 2016లో అది హైదరాబాదు నుండి వెలగపూడికి తరలినప్పుడు ఐదు రోజుల పనివారం మొదలయింది. కుటుంబాలను హైదరాబాదులో ఉంచి వచ్చిన ఉద్యోగుల సౌకర్యం దానికి కారణం. ఆ సౌకర్యం సమంజసమైనదే. కాని అదే పద్ధతిని ఆలోచించకుండా మండల కార్యాలయానికి వర్తింపజేయలేము. సచివాలయానికి దస్త్రాలు వస్తాయి, మండల కార్యాలయానికి మనుషులు వస్తారు.

ఇక పనివేళల పట్టిక విషయం. ఒక కార్యాలయంలో ఆరుగురు సిబ్బంది ఉన్నారని, ఒక్కొక్కరు వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు గంటలు పనిచేస్తారని అనుకొందాం. మొత్తం 216 పనిగంటలు. వారానికొక రోజు మూసివేస్తే 180 గంటలు మిగులుతాయి. వారానికి 90 మంది సందర్శకులు వస్తారనుకొంటే రోజుకు 15 మందికి బదులు 18 మందిని చూడవలసి వస్తుంది. ఇది సగటు లెక్క. జనం సగటు లెక్క ప్రకారం రారు. శనివారం మూస్తే ఆ 15 మందిలో ఎక్కువమంది సోమవారమే వస్తారు. అప్పుడు సోమవారం ముప్ఫైమంది, గురువారం పదిహేనుమంది అవుతారు. సోమవారం వచ్చినవారిలో కొందరు పని కాక మంగళవారం మళ్ళీ వస్తారు. వారిని రెండుసార్లు లెక్కించవలసి వస్తుంది.

ఇప్పుడు మరొక విధంగా చూద్దాం. కార్యాలయాన్ని మూయకుండా, ఆరుగురికీ వారంలో వేర్వేరు రోజులలో ఒక్కొక్క సెలవు ఇస్తే ప్రతిరోజూ ఐదుగురు ఉంటారు. ఐదుగురు, ఆరు గంటలు, ఆరు రోజులు: అప్పుడూ 180 గంటలే. జీతాల మీద మిగిలేదీ అంతే. తలుపు మాత్రం ఏ రోజూ మూతపడలేదు. విద్యుత్తు, ఇంధనం మిగలవన్నది నిజం. అయితే చిన్న కార్యాలయాల ఖర్చులో జీతాల భాగమే పెద్దది గనుక, ముందుగా ఈ వంతుల పద్ధతినే పరిశీలించాలి. 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తన కింది స్థాయి ఉద్యోగులలో సగం మంది కార్యాలయానికి, సగం మంది ఇంటి నుండి పనికి అని విభజించి, వచ్చేవారిని సైతం ఉదయం 9, 9.30, 10 గంటలకు మూడు జట్లుగా రమ్మన్నది. ఉద్దేశం వ్యాధి వ్యాపించకుండా చూడటమే అయినా, తలుపు మూయకుండానే హాజరు తగ్గించవచ్చునని ఆ ఏర్పాటు చూపింది.

వంతుల పద్ధతిలో మెలిక సంతకం దగ్గర వస్తుంది. గుమస్తా లేకపోతే పక్క గుమస్తా చూడవచ్చు. తహశీల్దారు లేని రోజు ధ్రువపత్రం మీద సంతకం ఎవరు చేయాలి? ఆ అధికారాన్ని డిప్యూటీ తహశీల్దారుకు ముందుగానే రాతపూర్వకంగా అప్పగించకపోతే, కార్యాలయం తెరిచి ఉండి కూడా మూసినట్లే. పైగా అది మరింత నిష్ఠురం. మూసిన తలుపు చూసినవాడు వెంటనే వెనుదిరుగుతాడు, తెరిచిన తలుపు చూసినవాడు సాయంత్రం వరకు వేచి ఉంటాడు. అందువల్ల ప్రతి బల్లకూ రెండవ మనిషి ఉండాలి. పింఛన్ల పని ఒక్కరికే తెలిసిన చోట, ముందు మరొకరికి నేర్పి, ఆ తరువాతనే వంతులు వేయాలి. సెలవుకు వెళ్ళేవారు ఏ దస్త్రం ఎక్కడ ఆగింది, ఎవరిని ఎప్పుడు రమ్మన్నారు అన్న సంగతులను అప్పగింత పుస్తకంలో రాసి వెళ్ళాలి. నాలుగు వాక్యాలు చాలు. ఆ నాలుగు వాక్యాలు లేకనే చాలామంది రెండవసారి ప్రయాణం చేస్తారు.

వంతులు వేసేటప్పుడు సిబ్బంది మధ్య న్యాయమూ చూడాలి. ఆదివారానికి ఆనుకొని వచ్చే సెలవును అందరూ కోరుకొంటారు. ఒకరికే ఎప్పుడూ శనివారం, మరొకరికి ఎప్పుడూ బుధవారం ఇస్తే నెల తిరగకముందే కార్యాలయంలో మాటలు కరువవుతాయి. దీనికి సులువైన మార్గం ప్రతివారం ఒక రోజు ముందుకు జరపడం. ఈ వారం సోమవారం సెలవు తీసుకొన్నవారు వచ్చే వారం మంగళవారం, ఆపై బుధవారం తీసుకొంటారు. ఆరు వారాలకు చక్రం పూర్తవుతుంది. శనివారం సెలవు వచ్చినవారికి ఆదివారం కలిసి, తరువాతి వారపు సోమవారమూ చేరి, ఆరు వారాలకొకసారి వరుసగా మూడు రోజులు దొరుకుతాయి. ఊరికి వెళ్ళి రావడానికి అది చాలు. ఈ పట్టికను నెల ముందుగా గోడకు అంటించాలి, సిబ్బంది గదిలోనే కాదు, వరండాలో కూడా. ఏ గుమస్తా ఏ రోజు ఉండడో తెలిసిన రైతు ఆ రోజు బస్సు ఎక్కడు.

మూసివేత తప్పనిసరై, మిగిలిన రోజులలో పనిగంటలు పెంచవలసి వస్తే ఉద్యోగుల కష్టాన్ని గమనించక తప్పదు. యూటాలో పది గంటల పనిదినం వల్ల పిల్లలను చూసుకోవలసిన తల్లిదండ్రులు ఇబ్బంది పడ్డారు. సొంత వాహనం సామాన్యమైన ఆ దేశంలోనే అలా ఉంటే, సాలూరు నుండో పాలకొండ నుండో పల్లెవెలుగు బస్సులో రాకపోకలు సాగించే ఉద్యోగిని రాత్రి ఏడు గంటల వరకు ఉండమంటే ఇంటికి ఎలా చేరుతుంది? పని గంటలు చివరి బస్సు వేళను దాటకూడదు. ఇక వారంలో ఒక రోజు జీతం పోతే ఆరింట ఒక వంతు పోయినట్లు. అధికారికి అది పొదుపులో కోత, పొరుగుసేవల పద్ధతిలో పనిచేసే అటెండరుకు బియ్యంలో కోత. 2020 ఉత్తర్వులో కింది తరగతికి పది శాతమే వర్తింపజేయడం వెనుక ఉన్న ఆలోచనను ఇక్కడ కూడా పాటించవచ్చు. తక్కువ జీతం గలవారికి సెలవు రోజులు తగ్గించి, ఎక్కువ జీతం గలవారికి పెంచవచ్చు.

ఏ పట్టికకైనా కొన్ని మినహాయింపులు అవసరం. జూన్, జూలై నెలలలో కళాశాల ప్రవేశాలకు, ఉపకార వేతనాలకు కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం విద్యార్థులు బారులు తీరుతారు. ఆ రెండు నెలలూ కోత ఉండకూడదు. తుపానుల కాలం సరేసరి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు దసరా రోజులు. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, విద్యుత్ స్తంభాలు ఒరిగిపోయాయి. అటువంటి వేళ ఎవరి సెలవు వంతు ఎవరిది అని చూసేవారు ఉండరు. ఎవరు ముందుగా విధులలోకి రావాలి, కోల్పోయిన సెలవును వారికి ఎన్ని రోజులలోగా తిరిగి ఇవ్వాలి అన్నది తుపాను రాకముందే పట్టిక అడుగున రాసి ఉండాలి. లేకపోతే కాలిఫోర్నియా చెరసాలల సిబ్బంది సెలవుల వలె అవీ ఖాతాలో పేరుకుపోతాయి.

చివరి గడి ముగింపు తేదీది. హవాయి రాష్ట్రం 2009–10 విద్యాసంవత్సరంలో ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వ పాఠశాలలను 17 రోజులు మూసివేసింది. ఆ రోజులు ఎక్కువగా శుక్రవారాలు. రెండవ ఏడూ అలాగే సాగవలసి ఉండగా తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2010 మేలో ఒప్పందం కుదిరి ఆ ఏర్పాటు ఆగిపోయింది. శ్రీలంక తన శుక్రవారపు సెలవును మొదటే మూడు నెలలకని ప్రకటించింది. గడువు రాసిన ఉత్తర్వును ఆ గడువునాడు ఎవరో ఒకరు తిరిగి చదివి, పొడిగించాలా వద్దా అని అడగవలసి వస్తుంది. గడువు లేని ఉత్తర్వు గోడమీదనే ఉండిపోతుంది. కొత్తగా వచ్చిన గుమస్తాకు అది ఎందుకు మొదలైందో తెలియదు. బుధవారం వచ్చిన రోగికి మాత్రం తలుపు మూసి ఉందని తెలుస్తుంది.